సిగ్నల్ మామ చెయ్యి పెట్టని ల్యాప్‌టాప్

పోయిన బుధవారం పొద్దున కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ మామ ఆస్పత్రిలో పోయాడని ఆయన కొడుకు చెప్పాడు. "ఇంటికే తెస్తాండామక్కా" అని ఇంకొక్క మాట కలిపి పెట్టేశాడు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆ పాలు తుడుస్తూ తుడుస్తూ ఏడ్చాను.

మామ మాకు చుట్టం కాదు. మాది ఎమ్మిగనూరులో మగ్గాల వీధి. ఆయన డోన్ జంక్షన్‌లో ముప్పై ఏండ్లకు పైగా రైలు సిగ్నళ్ళు బాగుచేసి, రిటైరైనాక మా ఎదురిల్లు కొనుక్కుని వచ్చాడు. వాళ్ళు ముస్లింలు, మేము నేతవాళ్ళం. వచ్చిన వారానికే ఆయన మా నాయనను బావా అన్నాడు, నాయనా తిరిగి బావా అన్నాడు. దాంతో అమ్మకు అన్న అయ్యాడు, నాకు మామ అయ్యాడు. వీధిలో మామలకు కొదవ లేదు కాబట్టి ఈయనకు సిగ్నల్ మామ అని పేరు పడిపోయింది.

పోయినవాళ్ళ గురించి బరువుగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. ఏడుద్దామని కూర్చుంటే ఆయనతో గడిపిన ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది, గుర్తొస్తే ఒళ్ళంతా హుషారు పుడుతుంది. చదివేవాళ్ళు ఏమైనా అనుకోండి, నాకు తెలిసిన మామను నాకు గుర్తొచ్చినట్టే రాస్తాను.

ముందు ఆయన అలవాట్లు చెప్పాలి. పట్టపగలు కూడా చొక్కా జేబులో టార్చిలైటు ఉండేది. పాడైన వస్తువు కంటపడితే దాటిపోయేవాడు కాదు, అలాగని అడగకుండా ముట్టేవాడూ కాదు. టీ అంగట్లో ట్యూబులైటు మిణుకుమిణుకుమంటుంటే, బెంచీ మీద కూర్చోకముందే "ఎప్పటి నుంచి?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న ఆయనకు ఊతపదం. మా అమ్మ మోకాలు నొప్పి అన్నా అదే ప్రశ్న, పక్కింటి కోడలు పుట్టింటికి పోయి రాలేదన్నా అదే ప్రశ్న. నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం మేం జవాబు చెప్పేదాకా వదిలేవాడు కాదు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. మూడేండ్ల కిందటిది.

మా నాయన చీరల అంచులు గీసేవాడు. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ, హంసలు, రుద్రాక్షలు, కోట కొమ్ములు, మామిడి పిందెలు. ఆ లెక్క ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టి మగ్గం మీద వేలాడదీస్తే అంచులో ఆ బొమ్మ పడుతుంది. జీవితమంతా గీస్తే ఆయనకు నచ్చి దాచుకున్నవి నలభై మూడు. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది, పెన్సిలు నిలవలేదు. ఆ కాగితాలున్న పెట్టెకు చెదలు పట్టాయి. అదృష్టం ఏమిటంటే, అంతకుముందే నేను ఆ నలభై మూడింటినీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఉన్నాను. దురదృష్టం ఏమిటంటే, వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. అది అమ్మినాయన అంగడి ఎత్తేసి ఎటో పోయాడు. నాయన బతుకంతా ఆ నల్లటి పాత డబ్బాలో ఉందని నాకు తెలుసు, అయినా ఇంకో చోట దాచిపెట్టాలని ఒక్కనాడూ తోచలేదు.

ఒకరోజు పొద్దున బటన్ నొక్కితే అది లేవలేదు. లైటు లేదు, చప్పుడు లేదు. పది సార్లు నొక్కాను, తిప్పి కొట్టాను, ఊదాను. ఊళ్ళో ఒక అంగడికి తీసుకుపోతే అక్కడతను మూత కూడా తీయకుండా, బోర్డు పోయింది, పాతది కదా, కొత్తది కొనుక్కో అన్నాడు. సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను. నాయన స్తంభానికి ఆనుకుని కూర్చుని నా ముఖం చూశాడు, తర్వాత చేతిలో సంచి చూశాడు.

ఎదురింటి అరుగు మీద నుంచి మామ కేకేశాడు.

"ఏం పాపా, ముఖం అట్ల పెట్టుకున్యావు?"

"ల్యాప్‌టాప్ చచ్చిపోయింది మామా."

"ఎప్పటి నుంచి?"

చెప్పాను. ఆయన చెప్పులు విడిచి మా ఇంట్లోకి వచ్చి, ల్యాప్‌టాప్ ముందు బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. టార్చి తీశాడు, గడియారం విప్పి పక్కన పెట్టాడు. నేను ల్యాప్‌టాప్ ఆయన వైపు జరిపితే మళ్ళీ నా వైపే జరిపాడు.

"నేను ముట్టను. నువ్వే చెయ్యాల."

"నాకేం తెలుసు మామా?"

"నాకు మాత్రం ఏం తెలుసు? నేను సిగ్నళ్ళోణ్ణి. ఇద్దరం తెలుసుకుందాం. మీ నాయన గీసినాడు, నువ్వు ఎక్కించినావు, మధ్యలో నా చెయ్యెందుకు?"

ఆ తర్వాత చెప్పిన మాట నాకు ఇప్పటికీ పనికొస్తుంది. "ఎర్రదీపం పడిందంటే సిగ్నల్ చెడిపోయిందని కాదు పాపా. యాడో ఏదో అనుమానం వచ్చి అది బండిని ఆపిందని. చచ్చిపోయిందని ఎవురన్నారు నీకు? ఆగిపోయుండాది. ఎందుకు ఆగిందో కనుక్కుందాం."

నోటుపుస్తకం తెప్పించాడు. ఏది చూసినా ముందు రాయమన్నాడు. నాకు అంత ఓపిక లేదు, అసలే తొందర మనిషిని. "రాసేదెందుకు మామా, చూద్దాం" అంటే, "రాయకపోతే చూసిందే మళ్ళా చూస్తావు, చూడనిది చూసినా అనుకుంటావు" అన్నాడు. రాశాను. గోడ సాకెట్టులో ఫోన్ చార్జర్ పెట్టి చూశాం, ఫోన్ ఎక్కుతోంది. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టాం, దాని డబ్బా మీద పచ్చలైటు వెలిగింది. ఆయన తన ఇంటి నుంచి కరెంటు కొలిచే మీటరు తెప్పించి, దాని పుల్లలు నా చేతికిచ్చి, చార్జర్ పిన్నుకు లోపలొకటి బయటొకటి ఆనించమన్నాడు. చెయ్యి జారింది, మళ్ళీ ఆనించాను. పంతొమ్మిది వోల్టులు చూపించింది.

"సరిపాయె. కరెంటు గడప దాకా వచ్చుండాది" అన్నాడు మామ.

అంగడతను చూడనివి అప్పటికే మూడు మేం చూశాం. చార్జర్, బ్యాటరీ రెండూ తీసేసి బటన్‌ను ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోమన్నాడు. లోపల మిగిలిన కరెంటు పోవాలట. అమ్మ వంటింట్లో నుంచి వచ్చి నాతో పాటు లెక్కపెట్టింది. బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే పెట్టి నొక్కాను. ఏమీ లేదు.

నా ముఖం వాడిపోతుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది. "చార్జర్ మీద పచ్చలైటు చూడు. పిన్ను లోపల పెట్టినప్పుడు ఆరిందా?"

"లేదు."

"తగ్గిందా?"

"లేదు."

"లోపల షార్టు ఉంటే అది ఆరిపోవాల. ఆరల్యా. అంటే కరెంటు లోపలికే పోల్యా. గడప కాడ యాడో ఆగిండాది. ఆ బొక్కలోకి టార్చి వెయ్యి."

టార్చి వేశాను. చార్జర్ పెట్టే ఆ గుండ్రటి బొక్కలో ఎర్రగా, పసుపుపచ్చగా ఏదో పక్కులు కట్టి ఉంది. మామ వంగి చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇదేంది పాపా, వక్కాకు నమిలినట్లుండాది?"

వంటింటి గడపలో అమ్మ కదలడం ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా అంది, "నేనే పెట్టినానన్నా. దసరాకు."

మా ఇండ్లలో దసరాకు మగ్గానికి, నాడెలకు, రాట్నానికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. ల్యాప్‌టాప్ ఇంట్లోకి వచ్చిన ఏడాది అమ్మ దాని మూత మీద నిండుగా బొట్టు పెట్టింది. నేను గయ్యిమని లేచి తుడిచేశాను. ఆ తర్వాతి పండగ నుంచి మూత మీద బొట్టు కనపడలేదు, నేను అమ్మ మానుకుందని అనుకున్నాను. మానుకోలేదు. నాకు కనపడని చోటు వెతుక్కుంది.

"అది కరెంటు తినేది ఆడ నుంచే కదన్నా. తినే నోటికాడ పెడితే చల్లగుంటాదనుకున్యా. పైన పెడితే ఇది తుడిచేస్తాది" అంది అమ్మ, నా వైపు చూడకుండా.

మామ పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత నా వైపు తిరిగి అడిగాడు, "నుదుట పెట్టింది నువ్వు తుడిస్తివి, ఆమె నోట్లో పెట్టింది. ఇప్పుడు తప్పు ఎవురిది పాపా?"

స్తంభం దగ్గర నాయన మీసాల చాటున నవ్వడం చూశాను. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు.

అగ్గిపుల్లకు నూలు పోగు చుట్టి, స్పిరిటులో ముంచి, ఆ బొక్కను తుడిచాను. సూది పెట్టబోతే మామ వద్దన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అగ్గిపుల్లలు. మొదటిది కుంకుమరంగులో వచ్చింది, రెండోది పసుపురంగులో వచ్చింది, నాలుగోది తెల్లగా వచ్చింది. ఆరేదాకా ఆగమన్నాడు. అంతసేపూ నేను నిలబడలేక వాకిట్లోకి, వంటింట్లోకి తిరిగాను. తర్వాత పిన్ను పెడితే ల్యాప్‌టాప్ పక్కన ఆవగింజంత నారింజలైటు వెలిగింది. నేను కేకేశాను. పక్కింటివాళ్ళు కూడా మగ్గం ఆపి తొంగి చూశారు.

"అప్పుడే కేకెయ్యొద్దు" అన్నాడు మామ. "ఒక తప్పు దొరికిందంటే అదొక్కటే ఉండాదని కాదు."

ఆయన మాటే నిజమైంది. బ్యాటరీ పెట్టి కాసేపు ఎక్కనిచ్చి బటన్ నొక్కితే, లోపల ఫ్యాన్ గుర్రుమని తిరిగి మూడు అంకెలు లెక్కపెట్టేలోగా ఆగిపోయింది. తెర నల్లగానే ఉంది. రెండోసారీ అంతే. నాకు ఏడుపొచ్చింది. మామకు మాత్రం పండగలాగుంది. "గొంతు వచ్చింది కదా, మాటే రావల్ల. దాన్ని బోర్లేసి మూత విప్పు."

మళ్ళీ చార్జర్, బ్యాటరీ రెండూ తీయించాడు. పాత పెండ్లిపత్రిక ఒకటి తీసుకుని వెనకవైపు ల్యాప్‌టాప్ ఆకారం గీయించాడు. ఏ మూల నుంచి ఊడిన స్క్రూను ఆ మూలే గుచ్చిపెట్టమన్నాడు. మూత లేచేసరికి ఇద్దరం నోరు తెరిచాం. ఫ్యాన్ చుట్టూ నూలు పొట్టు దూదిపరుపులాగా పేరుకుపోయి ఉంది. మగ్గాల వీధిలో గాలంతా అదే, మా ఊపిరితిత్తుల్లో ఎంత ఉందో ఏమో. పాత పళ్ళ బ్రష్షుతో మెల్లగా లాగేశాను. తర్వాత మెమరీ పట్టీని ఊడదీయమన్నాడు. వేలెడంత పట్టీ, అంచున వరసగా పసుపు పళ్ళు, అవి మబ్బుగా నల్లబడి ఉన్నాయి.

"రబ్బరుతో రుద్దాల" అన్నాడు మామ.

నేను రబ్బరు వెతకడానికి లేవబోయాను. అంతలో నాయన జేబులో నుంచి రబ్బరు తీశాడు. గీయడం మానేసి అన్నాళ్ళయినా అది ఆయన జేబులోనే ఉంది. నేను చెయ్యి చాపితే మామ అడ్డుపడ్డాడు.

"పట్టీ బావకియ్యి. రబ్బరు పట్టిన చెయ్యి ఆయనది."

నాయన స్తంభం వదిలి జరిగి మా పక్కన కూర్చున్నాడు. పట్టీని మోకాలికి ఆనించుకుని, వణికే చేత్తో ఆ పసుపు పళ్ళను రుద్దాడు. ఆ పనికి వణుకు అడ్డం కాలేదు, ఇంకా సాయమే చేసింది. రెండు వైపులా రుద్ది, ఊది, వెలుతురుకు పెట్టి చూసి నాకిచ్చాడు. నేను దాన్ని దాని గాడిలో పెట్టి నొక్కితే రెండు పక్కలా టక్కుమంది.

ఈసారి నొక్కబోతూ మామను చూశాను. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

ఫ్యాన్ తిరిగింది. ఒకటి, రెండు, మూడు. ఆగలేదు. నాలుగు, ఐదు. తెర ముందు బూడిదరంగుకొచ్చి, తర్వాత నీలంగా తెరుచుకుంది. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి తెరుచుకుంది. నాయన అంచులు ఒకదాని కింద ఒకటి వరసగా దిగాయి, నలభై మూడూ ఉన్నాయి. నేను లేచి గెంతాను. ఇద్దరు పిల్లల తల్లిని, అయినా గెంతాను. అమ్మ అందరి నోట్లో చక్కెర పోసింది. ల్యాప్‌టాప్ దగ్గరికి చక్కెర తీసుకుపోతే ముగ్గురం ఒక్కసారే వద్దన్నాం.

నాయన మాత్రం తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట, "ఈ హంస మెడ తప్పు గీసినా."

"చూసినావా పాపా" అన్నాడు మామ, "లేపి కూర్చోబెడితే తప్పులు పడతాండాడు."

అంతటితో వదలలేదు మామ. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. "సిగ్నల్ బల్బులో రెండు తీగలుంటాయి. ఒకటి పోతే రెండోది వెలుగుతాది. నీ బొమ్మలకు రెండో తీగ యాడుండాది?" అని అడిగాడు. అన్నీ మామూలు ఫోటోల్లాగా మార్పించి, కాగితాల మీద అచ్చు వేయించేదాకా రోజూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒక కట్ట మా ఇంట్లో ఉంది, ఒక కట్ట వాళ్ళింట్లో ఆయన పెన్షన్ కాగితాల పక్కన ఉంది. ఈపొద్దు మా వీధిలో నాలుగు మగ్గాల మీద నాయన అంచులు నడుస్తున్నాయంటే కారణం ఆ మనిషే. ఈ మాట ఆయన ఉండగా ఆయనతో అనలేదు. అనాల్సింది.

ఆ తర్వాత వీధిలో ఎవరి ల్యాప్‌టాప్ లేవకపోయినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. మామ కూర్చుని చూసేవాడు, తోచకపోతే ఒక ప్రశ్న వేసేవాడు, జవాబు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆయన అలా చేతులు కట్టుకుని కూర్చుంటే నాకు అప్పట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ ఓపిక ఎంతదో అర్థమవుతోంది. తెలిసిన పనిని ఎదుటివాళ్ళు తప్పులతో చేస్తుంటే ముట్టకుండా కూర్చోవడం నాకు ఇంతవరకూ రాలేదు.

మామకు గుండె జబ్బని తెలిశాక కర్నూలు ఆస్పత్రికి పోయి చూసొచ్చాను. మంచం పక్కన మిషన్ కూతలు పెడుతుంటే నర్సమ్మను దాని సంగతులన్నీ అడిగి విసిగిస్తున్నాడు. నన్ను చూసి తన ఎదమీద వేలు పెట్టి చూపించాడు. "దీనికి అనుమానం వచ్చింది పాపా. ఆపమంటాంది." నేను తల వంచుకుంటే, "ముఖం అట్ల పెట్టుకోవద్దు. ఇన్నేండ్లు బాగనే నడిచింది కదా" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు. మా వీధిలో ఎవరు పోయినా శవం లేచేదాకా మగ్గం ఆడదు. ఆ రోజు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఆడవాళ్ళం మామ ఇంట్లో అత్త దగ్గర కూర్చున్నాం. మామకు స్నానం చేయించడానికి నీళ్ళు కాస్తున్నారు, కప్పే గుడ్డ కోసం ఎవరో అంగడికి బయల్దేరుతున్నారు.

అప్పుడు నాయన మా ఇంట్లోకి పోయి చంకలో ఒక గుడ్డ తాను పెట్టుకుని వచ్చాడు. చెయ్యి వణుకు ఎక్కువైనాక ఆయన బొమ్మల జోలికి పోవడం లేదు. ఊరికే కూర్చోలేక తెల్లటి నూలుతో సాదా గుడ్డ నేస్తుంటాడు. ఏ రంగూ ఉండదు, అంచు కూడా ఉండదు.

మామ కొడుకు ముందు నిలబడి అడిగాడు, "అప్పా, బావకు ఈ గుడ్డ కప్పొచ్చునా?"

మామ కొడుకు మసీదు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన ఆ గుడ్డ అందుకుని, కొంచెం విప్పి, పట్టి చూశాడు. "కొత్తది. తెల్లది. బాగుండాది, ఇయ్యి" అన్నాడు.

కొలిచి కోయడానికి గుడ్డను అరుగు మీద పొడవునా పరిచారు. మగ్గం మీద నుంచి చీర దిగిన ప్రతిసారీ నాయన అంచు మీద బొటనవేలు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమి చూస్తాడు, బొమ్మ ఎక్కడైనా తప్పిందేమోనని. ఆ రోజూ అలాగే వంగాడు. ఆయన బొటనవేలు వణుకుతూ ఆ తెల్లగుడ్డ పక్క వెంబడి మెల్లగా చివరి దాకా పోయింది, వేలికి తగిలే బొమ్మ ఒక్కటీ లేదు.